అరవయ్యో నంబరు

ఆ ఎండాకాలం నేను అరవై మంది ఆడవాళ్ళ చదువులు ఎక్కడెక్కడ ఆగిపోయాయో అడిగి రాశాను. యాభై తొమ్మిది మందివి తప్పు లేకుండా రాశాను.

నిజానికి అది నా పని కాదు, మా ఆడబిడ్డ ఎస్తేరుది. ఇబ్రహీంపట్నంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ళ డిగ్రీ, ఆఖరి సంవత్సరం. ఆర్ట్స్, బిజినెస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ రెండూ కలిపి ఒకటే డిగ్రీ. పొద్దున సమాజశాస్త్రం, చరిత్ర. మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబు. బస్ డిపో దగ్గర టిఫిన్ బండి నడిపే మా అత్తమ్మ సంతోషమ్మకు ఆ చదువేమిటో నాలుగేళ్ళు చెప్పినా ఎక్కలేదు.

"సగం కతలు, సగం కంప్యూటరా? గదేం సదువే? ఇడ్లీ అడిగినోనికి ఇడ్లీ వెయ్యాలె, దోసె అడిగినోనికి దోసె వెయ్యాలె. రెండు కలిపి పిసికి పెడ్తే ఎవడు తింటడు?"

"కంపెనోళ్ళు తింటరు," అనేది ఎస్తేరు. "మనుషులు ఏం చెప్తున్నరో సమజ్ కావాలె. దాన్ని మిషన్ల పెట్టుడు గూడ రావాలె. రెండూ వచ్చినోళ్ళు దొరుకుతలేరట."

పప్పు రుబ్బుతూ నేను వినేదాన్ని. ఎందుకంటే జూన్‌లో ఆ కాలేజీలో, ఆ కోర్సులోనే నేను చేరాలి. పోయిన క్రిస్మస్ రోజు మా ఆయన పరమేష్ అందరి ముందే అన్నాడు, ఎస్తేరుది అయిపోగానే నువ్వు పో అని. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలకు నెల ముందు నాకు పెళ్ళయింది. ఆ పరీక్షలు ఓపెన్ స్కూల్లో కట్టి నిరుడు పాసయ్యాను. నా మెమోలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి అత్తమ్మ బీరువాలో దాచింది. బీరువా తాళం ఆమె నడుముకు ఉండేది.

ఎస్తేరు ప్రాజెక్టు వినడానికి తేలికే. చదువు మధ్యలో మానేసిన అరవై మంది ఆడవాళ్ళను కలిసి, ఎందుకు మానేశారో వాళ్ళ మాటల్లోనే రాయాలి. అది ఆర్ట్స్ సగం. ఆ మాటలన్నీ కంప్యూటర్‌లో గళ్ళు గళ్ళుగా ఎక్కించి, ఎవరికి ఏ కోర్సు కుదురుతుందో, ఏ వేళకు ఏ బస్సు ఉందో, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారో అన్నీ కలిపి చూపించే సిస్టమ్ తయారుచేయాలి. అది రెండో సగం. రెండో సగం ఎస్తేరుకు మంచినీళ్ళు తాగినంత సులువు. మొదటి సగానికి మాత్రం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, భుజానికి లాప్‌టాప్ తగిలించుకుని డిపో వెనక గల్లీల్లోకి పోయి, అరగంటలో తిరిగొచ్చి ఫ్యాను కింద కూలబడింది.

"అందరు ఒక్కటే మాట. 'గరీబోళ్ళం బిడ్డా, గంతే.' గరీబు అని అరవై సార్లు రాస్తే మార్కులు ఎవరేస్తరు? వదినా, నువ్వు జర పోరాదు. నీ ముందట నోరు తెరుస్తరు. నీకు గూడ ప్రాక్టీస్ అయితది, జూన్ల నువ్వే గద చేరేది."

జూన్ అన్న మాటకు నేను లేచి నిలబడ్డాను.

ఎడమ చంకలో నవోమి, కుడి చేతిలో పొడుగు నోటుబుక్కు, కొంగు ముడిలో నవోమి మందు పంపు. నవోమి నా కూతురు. అప్పటికి మూడున్నరేళ్ళు. దానికి ఆయాసం. వెంచర్లకు మట్టి తోలే లారీలు పోయినప్పుడల్లా రొమ్ము ఎగిరేది. పంపుతో రెండుసార్లు మందు పీల్చిస్తే తగ్గేది. అయినా నాకు నమ్మకం ఉండేది కాదు. అది నిద్రపోతుంటే పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటయిపోయింది.

నేను ఎవర్నీ ప్రశ్న అడగలేదు. చింతపండు కొట్టే రోజులు. ప్రతి అరుగు మీదా చాట ఉండేది. పక్కన కూర్చుని నేనూ గింజలు తీసేదాన్ని. పావుగంటకు వాళ్ళే మొదలుపెట్టేవాళ్ళు. రుక్మాబాయి అయితే గింజ తీసి పారేసినంత మామూలుగా చెప్పింది.

"ఏడో తరగతిల ఉన్న. బడి గేటు కాడికి మా నాయిన వచ్చిండు. బర్రెను కొన్న దా అన్నడు. ఏదో సూపిస్తడని ఉరికిన. సూస్తే దాన్ని మేపేది నేనే. మల్ల గేటు సూడలే." పెద్దగా నవ్వింది. "బర్రె సచ్చి పదేండ్లాయె. నేనున్న."

రాసుకున్నానని చూపిస్తే, "రాయి రాయి, నాదేం పోతది," అంది.

రోజూ రెండు నుంచి నాలుగు దాకా, నవోమి పడుకున్నాక, ఆ మాటలన్నీ ఎస్తేరు లాప్‌టాప్‌లో ఎక్కించేదాన్ని. ఎస్తేరు ఒక్కసారే చూపించింది. ఒక్కో గడిలో నూట ఇరవై అక్షరాలే పడతాయి. స్క్రీన్ మీద రెండు లైన్లే అందంగా ఉంటాయని అలా పెట్టింది. కంప్యూటర్ లెక్కలో గుడి, దీర్ఘం, కొమ్ము, ఖాళీ చోటు అన్నీ అక్షరాలే. అంతకు మించింది చెప్పా పెట్టకుండా తెగిపోతుంది. అందుకని నేను ఒక్కో మాటను రెండు మూడు సార్లు కుదించి, అసలు ముక్క చివర్లో తెగకుండా చూసి మరీ ఎక్కించేదాన్ని. వాళ్ళ మేడం కిరణ్మయి గారు పెట్టిన నియమాలు నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను. పేరు వద్దు, నంబరు చాలు. వాళ్ళ మాట దిద్దవద్దు. ఒక్క గడిలో అబద్ధం ఉన్నా సిస్టమ్ అంతా అబద్ధం చెబుతుంది.

ఒక రోజు ఆ మేడం ఫోన్ చేశారు. గుంటూరు వైపు మనిషి. ఎస్తేరు స్పీకర్‌లో పెట్టింది.

"ఎస్తేర్, ఎంత బాగా పట్టుకొచ్చావమ్మా ఈ మాటలు! పదకొండో నంబరావిడ గేదె సంగతి చదువుతూ స్టవ్ మీద కూర మాడబెట్టుకున్నాను. నువ్వింత ఓపిగ్గా వింటావని అనుకోలేదు."

"థాంక్యూ మేడం. ఎండల మస్తు తిరిగిన," అంది ఎస్తేరు, నా వైపు చూసి పెదవి మీద వేలు పెట్టుకుంటూ.

నేను కూడా నవ్వాను. దొంగతనంగానైనా సరే, నాకు మార్కులు పడినట్టే అనిపించింది.

ఏప్రిల్ ఆఖర్న యాభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఆ సాయంత్రం అయిదింటికల్లా మేడంకు పంపించాలి.

"గింత ఫికర్ ఎందుకు?" అంది ఎస్తేరు. "నువ్వు గూడ మానేసినవ్ గద వదినా. నీదే రాయి. పేరెట్లాగూ ఉండది." స్నానానికి పోయింది.

అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. గళ్ళు ఒక్కొక్కటే నింపుతూ పోయాను. మానేసిన కారణం: పెళ్ళి. పిల్లలు: ఒకరు. పిల్లను చూసేవారు: అత్త. మళ్ళీ చదవాలని ఉందా: ఉంది. చివరి గడి: చదువు గురించి మీ మనసులో ఉన్న మాట. దాని ముందు చాలాసేపు కూర్చున్నాను. అందరి చేతా నిజం చెప్పించి నేను అబద్ధం రాస్తే ఎలా? గడి కొలత చూసుకోకుండా, ఒక్క ఊపిరిలో రాశాను.

'పోయినేడు దవాఖానల పిల్ల మూతికి మాస్కు పెట్టి పండవెట్టినప్పుడు ఇది పుట్టకుంటే ఈపాటికి నా డిగ్రీ అయిపోయేది అనుకున్న. గా మాట అనుకున్నందుకు గోడకు తల కొట్టుకున్న. దీని ఊపిరి మంచిగుంటే సాలు, సదువు లేకున్నా సరే అని మొక్కిన.'

అంతలో నవోమి దగ్గింది. మీట నొక్కేసి లేచాను.

మే మొదటి వారంలో కాలేజీ హాల్లో ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టారు. మాటలు చెప్పిన ఆడవాళ్ళను కూడా పిలవమన్నారు. గల్లీ గల్లీ తిరిగి నేనే పిలిచాను. "మీ మాటలు పెద్ద టీవీ మీద ఏస్తరట," అంటే పదకొండు మంది కట్టుచీరలు మార్చుకుని వచ్చారు. ఎస్తేరు చీరకు గంజి పెట్టింది నేనే. పరమేష్ ఆ రోజు బొంగులూరులో ప్లాట్లు చూపించడానికి పోవలసిన కస్టమర్లను మధ్యాహ్నానికి జరిపి, వెంచర్ వాళ్ళు ఇచ్చిన తెల్ల చొక్కాతోనే వచ్చాడు. నాకూ ఆయనకూ మధ్య అత్తమ్మ కూర్చుంది. నవోమి నా ఒళ్ళో.

తెర మీద ఒక్కో నంబరు వచ్చేది, దాని కింద మాట వచ్చేది, ఆ కింద పచ్చ అక్షరాల్లో సిస్టమ్ కుదిర్చిన కోర్సు వచ్చేది. అత్తమ్మకు చదవడం రాదు. చెల్లెలి గొప్ప తల్లికి వినిపించాలని పరమేష్ ఒక్కొక్కటే ఆమె చెవి దగ్గర చదవసాగాడు.

పదకొండు రాగానే రుక్మాబాయి నా తొడ మీద ఒక్కటి చరిచింది. "గది నాదే గదనే!" అని వెలిగిపోయింది. వెనక వరుసల్లో పిల్లలు గొల్లుమన్నారు. ఎవడో బర్రెలా అరిచాడు. హాలంతా నవ్వు. రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తియ్యలేదు.

అరవై వరకూ పరమేష్ గొంతు హుషారుగానే ఉంది.

"అరవై. 'పోయినేడు దవాఖానల పిల్ల మూతికి మాస్కు పెట్టి పండవెట్టినప్పుడు ఇది పుట్టకుంటే ఈపాటికి నా డిగ్రీ అయిపోయేది అనుకున్న. గా మాట...'"

తెర మీద కూడా అక్కడికే ఉంది. గా మాట. ఆ తర్వాత తెల్లగా ఖాళీ.

"ఏం మాట?" అంది అత్తమ్మ.

"ఏం లేదే," అన్నాడు. పచ్చ అక్షరాలు చదవలేదు.

వెనక నుంచి ఒకమ్మాయి, "ఛీ, గిదేం తల్లిరా," అంది. ముందు వరుసలో కిరణ్మయి మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి. నిరుడు నవోమిని దవాఖానలో పెట్టినప్పుడు పండ్లు పట్టుకుని చూడ్డానికొచ్చిన గల్లీ ఆడవాళ్ళు నా వరుసలోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఎస్తేరుకు మొదటి బహుమతి వచ్చింది.

పరమేష్ తెచ్చిన వెంచర్ కారు ఎక్కబోతుంటే అత్తమ్మ నా చంకలోంచి నవోమిని తీసుకుంది. "నాకియ్యి," అంది. అంతే. కోపంగా కూడా అనలేదు. కొంగు ముడి విప్పి పంపు కూడా తీసుకుంది. ఇంటికొచ్చాక చూస్తే అది ఆమె నడుముకు, బీరువా తాళంతో పాటు వేలాడుతోంది.

ఆ రోజు నుంచి నవోమి అన్నం, స్నానం, నిద్ర అన్నీ నానమ్మ దగ్గరే. బండి దగ్గరికి కూడా వెంట తీసుకుపోయేది. ఆ పొగలో, ఆ దుమ్ములో దానికి ఆయాసం వస్తుందేమోనని నేను వెనకాల పోతే, "ఎవరికి పరేషాన్? పుట్టకుంటే మంచిగుండు అన్నదానికా?" అని గిన్నెలు కడిగేవాళ్ళ ముందే అడిగింది. నేను తిరిగొచ్చేశాను.

మూడో రోజు అన్నం పెడుతూ పరమేష్‌తో అన్నాను. "నేను ఇంకా రాసిన. కిందిది తెగిపోయింది."

"ఏమున్నదో గదే సదివిన."

"గడిల పట్టలే. తల కొట్టుకున్న అని రాసిన. మొక్కిన అని రాసిన."

"యాడున్నది, సూపియ్యి."

నోటుబుక్కులో యాభై తొమ్మిది మందివే ఉన్నాయి. నాది నేరుగా ఎక్కించాను. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

"నేను రోజు ప్లాట్లు సూపిస్త," అన్నాడు, పెరుగు కలుపుకుంటూ. "గోడ ఎంతదాక కట్టిర్రో గంతే ప్లాటు. గోడ అవతలిది గూడ నాదే అంటే ఎవడు నమ్ముతడు?"

ఎస్తేరును అడిగాను. ఆమె అద్దం ముందు ఉంది.

"పేరు లేదు గద వదినా."

"పేరు లేకుంటే ఎర్క పట్టరా? మాస్కు పెట్టిన పిల్ల ఈ గల్లీల ఇంకెవరికున్నది?"

"గట్ల అంటే నేనేం జెయ్యాలె? నూట ఇరవై అని నీకు చెప్పిన్నా లేదా? రుక్మాబాయిది మంచిగ కుదించినవ్. నీది నువ్వు సూసుకోవద్దా?"

అదీ నిజమే.

రుక్మాబాయి అరుగు మీద చాట అలాగే ఉంది. నేను కూర్చోబోతే చాట తన వైపు లాక్కుంది. "పోరగాళ్ళు నన్ను సూస్తే బర్రె లెక్క అరుస్తున్నరు. రాసుకుంటున్నవని ఎర్కనే పిల్లా. గోడ మీద ఏసి నవ్విపిస్తవని ఎర్కలే." నా ముఖం చూడకుండా అంది: "నాది బర్రె ముచ్చటనే. నీదెట్ల రాసినవే తల్లీ? పిల్ల ఇనదా పెద్దగైనంక?"

మే ఆఖర్లో మళ్ళీ మేడం ఫోన్. ఎస్తేరు స్పీకర్‌లోనే పెట్టింది. నేను పక్కనే పిండి కలుపుతున్నాను.

"ఎస్తేర్, ఆ అరవయ్యో నంబరావిడ ఎవరమ్మా? ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. అంత నిజం చెప్పగలిగిన మనిషి చదువుకోవాలి. మన కోర్సులోనే చేర్పిద్దాం. ఫీజు సంగతి ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను. ఒక్కసారి తీసుకొస్తావా?"

నా చెయ్యి పిండిలో ఆగిపోయింది. ఎస్తేరు నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. అవ్ అను, ఒక్క మాట అను అని నా కళ్ళతో ఎంత అడగాలో అంత అడిగాను.

"ఆమె లేదు మేడం," అంది ఎస్తేరు. "ఊరిడిచి పోయింది. యాడికి పోయిందో ఎవ్వరికి ఎర్కలే."

"అయ్యో! మరి పాపో?"

ఎస్తేరు కిటికీ వైపు తిరిగింది. "పాప వాళ్ళ నానమ్మ కాడ ఉన్నది మేడం."

ఎస్తేరు ఫోన్ పెట్టేసింది. తర్వాత గొంతు తగ్గించి నాతో చెప్పింది. "నిన్ను తీస్కపోతే అన్నీ నువ్వే రాసినవని బయట పడ్తది. నా డిగ్రీ ఆపుతరు. పదో తారీఖుకు ఆదిభట్ల కంపెనీల చేరాలె నేను. నా బతుకు ఆగం జెయ్యకు వదినా."

చేరే రోజు పొద్దున లాప్‌టాప్ తెచ్చి నా మంచం మీద పెట్టింది. "కంపెనోళ్ళు నాకు కొత్తది ఇస్తున్నరు. అన్న ఇచ్చిన మాట ప్రకారం నువ్వు కాలేజ్‌ల చేరుతవ్ గద, ఇగ ఇది నీది." నిజంగా ప్రేమగానే అంది.

కాలేజీలో దరఖాస్తులకు ఆఖరి రోజు ఆ మర్నాడే. మధ్యాహ్నం బండి మూసి వచ్చి అత్తమ్మ బీరువా తెరిచింది. ప్లాస్టిక్ కవర్ తీసి నా ముందు పెట్టింది. నవోమి ఆమె ఒళ్ళో ఉంది.

"ఇగో నీ కాయితాలు. మాట ఇచ్చినం, తప్పం. పో. సదువుకో."

నేను కవర్ ముట్టుకోలేదు.

"నేను అయిదుగురిని కన్న. ఇద్దరు దక్కిర్రు. పోయినోళ్ళ మీద గూడ గా మాట నా నాలికెకు రాలే," అంది నెమ్మదిగా. "నీకు వచ్చింది. వచ్చినంక ఇగ పిల్ల నాది. నువ్వు పొద్దున పో, పొద్దుమీకి రా, ఎన్నన్న సదువు. గని ఇంటికొచ్చి 'దా బిడ్డా' అని చెయ్యి సాపకు." నవోమి గడ్డం పట్టుకుంది. "అమ్మ కాలేజ్‌కు పోతదట. నువ్వు ఎవరి కాడుంటవే?"

"నానమ్మ కాడ," అంది నవోమి. ఆ నెలలో అది బాగా నేర్చుకున్న మాట. గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్న పరమేష్ నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది.

"సదవనంటే?" అన్నాను.

"సదవనంటే సూస్త."

నవోమిని ఎత్తుకుని ఆమె లోపలి గదిలోకి పోయింది. నేను కవర్ ఒళ్ళో పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. అరవై నంబర్లూ వరుసగా ఉన్నాయి. నా వరుస చివర 'గా మాట' అలాగే వేలాడుతోంది. గడి కొలత ఎలా పెంచాలో అప్పటికి నాకు తెలుసు. మిగిలిన రెండు ముక్కలూ ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు. ఎవరు చదువుతారు? దాన్ని అలాగే వదిలేసి, పక్క గడిలోకి పోయాను. మళ్ళీ చదవాలని ఉందా: ఉంది.

ఉంది అన్నది చెరిపేసి, లేదు అని కొట్టాను. ఆ సిస్టమ్‌లో నేను రాసిన మొదటి అబద్ధం అది. చిన్న మాట. గడిలో చక్కగా పట్టింది. ఏమీ తెగిపోలేదు. కింద పచ్చ అక్షరాలు ఒకసారి మిణుకుమని మారాయి. సరిపోయే కోర్సు: లేదు.

కవర్ పట్టుకుని లోపలి గది గుమ్మం దాకా పోయాను.

"పెట్టెయ్ అత్తమ్మా. నేను సదవ."

ఆమె లేచి వచ్చింది. కవర్ తీసుకుంది. బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం నడుముకు దోపుకుంది. పంపు పక్కన. నేను రెండు చేతులూ చాపాను.

"ఇప్పుడే పండుకున్నది," అంది. "లేపకు."

నేను గుమ్మం బయటే నిలబడ్డాను. మంచం మీద నవోమి రొమ్ము లేస్తూ దిగుతూ కనిపిస్తోంది. అక్కడి నుంచే దాని ఊపిరి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టాక అత్తమ్మ తలుపు దగ్గరికి వేసింది.